ఉద్దానంలో సైకిలెక్కేవారికి తలకిందుల సలహాలు

తేలికపాటి సైకిలు కొనుక్కోండి, చీకటితోనే బయల్దేరండి, చక్రాల్లో గాలి గట్టిగా కొట్టించండి, సామాను తగ్గించుకోండి, రోజుకి ఎనభై తొంభై కిలోమీటర్లు లక్ష్యం పెట్టుకోండి. సైకిలు యాత్రలకు వెళ్లేవాళ్లకి ఎవరైనా చెప్పే మాటలివే. పలాస స్టేషన్లో దిగి తూర్పుకి తిరిగే మనిషి వీటిలో ఒక్కటీ వినకూడదు. వింటే ఉద్దానం చూడకుండానే ఇచ్ఛాపురం దాటేస్తాడు. నేను చెప్పేవి అడ్డదిడ్డంగా వినిపించవచ్చు. కానీ జాతీయ రహదారికీ సముద్రానికీ మధ్య, చాలాచోట్ల ఇరవై కిలోమీటర్ల వెడల్పు కూడా లేని ఈ కొబ్బరి, జీడి తోటల నేలకి ఇవే నప్పుతాయి.

ముందు సైకిలు సంగతి. గేర్లది ఇంట్లోనే ఉంచేయండి. ఇసక పొడి ఆ సన్నటి పళ్లలోకి దూరిందంటే ఊళ్లో బాగుచేసేవాడు దొరకడు. పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో వాడిన సైకిలు ఒకటి చూసుకోండి. పెద్ద చక్రాలు, మడ్‌గార్డులు, వెనక క్యారేజీ, గట్టి స్టాండు, మోగే బెల్లు ఉంటే చాలు. బరువుగా ఉంటే మరీ మంచిది, ఎందుకో తరవాత చెబుతాను. అలాంటి దానికి ట్యూబు పోయినా, బ్రేకు రబ్బరు అరిగినా చెట్టు కింద పంపు పెట్టుకుని కూర్చున్న పెద్దాయన సరిచేసి పంపిస్తాడు.

తోటల్లోకి తిరగగానే చక్రాల్లో గాలి తీసెయ్యండి. పూర్తిగా కాదు, బొటనవేలితో నొక్కితే కొంచెం దిగేంత. గట్టి టైరు ఇసకని కోసుకుంటూ కూరుకుపోతుంది, మెత్తటి టైరు వెడల్పుగా పరుచుకుని పైపైన నడుస్తుంది. తారు రోడ్డెక్కగానే మళ్లీ కొట్టుకోండి, లేకపోతే గుంతలో రిమ్ము తగిలి ట్యూబు చిరుగుతుంది. చేతిపంపు ఒకటి క్యారేజీకి కట్టుకుంటే ఈ బాధ లేదు. మొగలి డొంకల పక్కనుంచి వెళ్లేటప్పుడు మాత్రం బాటకి నడిమినే ఉండండి. ఎండి రాలిన మొగలి ఆకు అంచున ముళ్లుంటాయి.

తెల్లవారకముందు బయల్దేరకండి. ఎండాకాలం సైకిలు తొక్కేవాళ్లెవరూ ఒప్పుకోని మాట ఇది. ఒప్పుకోవాలి. ఇవి ఎలుగుబంట్లు తిరిగే తోటలు. జీడి మామిడి పళ్లకీ పనసకీ కొబ్బరికీ మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట మండలాల్లో అవి ఊళ్ల పక్కకే వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒక రైతు చనిపోయాడు, మరికొందరు గాయపడ్డారు. తోటకి వెళ్లే రైతులే వెలుగొచ్చేదాకా ఆగుతుంటే బయటినుంచి వచ్చిన మనకి తొందరేమిటి? సూర్యుడు కొబ్బరాకుల మీదికి వచ్చాక కదలండి, పొద్దు వాలకముందే ఏదో ఒక ఊళ్లో ఉండండి.

నిశ్శబ్దంగా కూడా వెళ్లకండి. మోటారు చప్పుడు లేని దారి కోసమే వచ్చారని నాకు తెలుసు. అయినా మలుపు దగ్గరా, జీడి కొమ్మలు నేలని తాకేంత వంగి అవతలేముందో కనిపించని చోటా బెల్లు కొడుతూ ఉండండి, పాట వస్తే పాడుకోండి. ఎలుగు చాలాసార్లు మీద పడేది ఉలిక్కిపడినప్పుడే. ఈ నియమానికి ఒకే ఒక్క ఊరు మినహాయింపు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. వాటిని సొంత మనుషుల్లా కాపాడుకుంటున్నది ఊరివాళ్లే. అక్కడ బెల్లుకి గుడ్డ చుట్టి, సైకిలు దిగి నడవండి.

పది దాటాక ఆగిపోండి. మూడున్నర దాకా మళ్లీ సీటెక్కకండి. అలాగైతే రోజుకి ఎన్ని కిలోమీటర్లు అవుతాయి? ఇరవై, మహా అయితే పాతిక. అంతకు మించి వద్దు. ఉద్దానంలో ఎండని తేలిగ్గా తీసుకోకూడదు. బీపీ, షుగరు లేని మనుషులకి, వ్యవసాయ కూలీలకి, నడివయసు వాళ్లకి మూత్రపిండాలు పాడవుతున్న నేల ఇది. రెండు దశాబ్దాలకు పైగా డాక్టర్లూ పరిశోధకులూ వచ్చి నీళ్లూ మట్టీ రక్తమూ పరీక్షించారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఎండలో చెమటోడ్చి, చాలినన్ని నీళ్లు తాగకుండా ఏళ్ల తరబడి పనిచెయ్యడాన్ని కూడా అనుమానిస్తున్నారు. ఇక్కడి మనిషికి తప్పని ఎండని సరదాకి నెత్తికెత్తుకోవడం నాకు సబబుగా తోచదు.

కాబట్టి బరువు మొయ్యండి. బరువు సైకిలు కావాలన్నది ఇందుకే. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు క్యారేజీ మీద ఉండాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో ఉద్దానం ఊళ్లకి తాగునీళ్లు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఇన్నేళ్ల బాధ తరవాత వచ్చిన నీళ్లవి. వీధి కుళాయి దగ్గర సీసాలు నింపుకునే ముందు బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లని అడగండి. దాహానికి కొబ్బరి బొండం కొనుక్కోండి, బేరం ఆడకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే దాటింది. ఒక్క రాత్రిలో కొబ్బరీ జీడీ పనసా వేళ్లతో లేచిపోయాయి. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్లు, నాటు రకమైతే ఇంకా ఎక్కువే కావాలి. మీ చేతిలోని బొండం అప్పుడు మళ్లీ నాటిన చెట్టుదైతే, ఆ రైతు దానికోసం ఎన్నాళ్లు చూశాడో లెక్కేసుకోండి. దింపు జరుగుతున్న చెట్టు కింద మాత్రం ఆగకండి. పైనుంచి గెల వదిలేటప్పుడు కేక వేస్తారు, అది వినగానే వెనక్కి జరగండి.

కార్లు లేని దారి మన హక్కని అనుకోకండి. నాకు ఈ తోట బాటలంటే ప్రాణం, వీటి మీద సిమెంటు పడినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అయినా పడాలి. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి పలాసకో సోంపేటకో కవిటికో వెళ్లి రావలసిన మనిషి ఆటోలో కూర్చుని ఇసకలో కూరుకుపోకూడదు. వెనక ఆటో హారన్ వినిపిస్తే సైకిలు బాట దింపెయ్యండి. వాళ్లు ముందుకి వెళ్లాక తొక్కండి.

ఫోనులోని పటాన్ని నమ్మకండి. దగ్గరి దారి చూపించమంటే అది మిమ్మల్ని తిన్నగా పదహారో నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్యకి తీసుకెళుతుంది. ఇక్కడి తారు రోడ్లు రహదారి నుంచి సముద్రానికి దువ్వెన పళ్లలా సాగుతాయి. మనకి కావలసింది ఒక పంటి నుంచి ఇంకో పంటికి తోటల గుండా వెళ్లే బండి బాటలు. బెల్జియంలో ఫ్లాండర్స్ ప్రాంతపు సైకిలు దారులు ప్రపంచమంతా పేరుపడ్డాయి. అక్కడి లింబర్గ్‌లో హ్యూగో బొలెన్ అనే గనుల ఇంజనీరు ఆలోచనతో 1995లో కూడలికో అంకె పెట్టారు. ఏ అంకె తరవాత ఏ అంకెకి వెళ్లాలో కాగితం మీద రాసుకుంటే చాలు, కాలువ గట్లూ పొలాల మధ్య దారులూ పట్టుకుని నోరు విప్పకుండా ఆ ప్రాంతమంతా తిరగొచ్చు. నేను దాన్ని మెచ్చుకుంటాను, ఇక్కడ మాత్రం కోరుకోను. ఉద్దానంలో నోరు విప్పాలి. జీడి పిక్కలు ఎండబోస్తున్నామె కనిపిస్తే ఆగి, "అప్పా, అక్కుపల్లికి నడిచెళ్లే బాట ఎటు?" అనండి. 'నడిచెళ్లే' అన్న మాట మర్చిపోకండి. రోడ్డు అడిగితే తారు రోడ్డే చూపిస్తారు. ఎవరింటికి, ఎందుకు, ఏ ఊరు అని తిరిగి మిమ్మల్ని అడుగుతారు. జవాబు చెప్పేదాకా బాట చెప్పరు. ఆ మాటలకి పట్టే సమయం కూడా ఇరవై కిలోమీటర్లలో కలుపుకోండి.

సముద్రం వెంబడి వెళ్లాలనే ఆశ వదులుకోండి. తీరం పొడుగునా నీడ ఉండదు, మెత్తటి ఇసక. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి మీదికి తోస్తుంది. అక్కుపల్లిలోనో బారువలోనో దారి చివర సైకిలు స్టాండు వేసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లి చూసి రండి, సరిపోతుంది. నౌపడ ఉప్పు మళ్లు చూడాలంటే పొద్దున్నే వెళ్లి తిరిగి వచ్చెయ్యండి. మూలపేట దగ్గర 2023లో ఓడరేవు పనులు మొదలయ్యాక ఆ వైపు దారుల్లో లారీలు నడుస్తున్నాయి. పలాస నుంచి పూండి వైపు, అక్కణ్నుంచి వజ్రపుకొత్తూరు వైపు తిరిగితే తోటలు త్వరగా దొరుకుతాయి.

మందస మాత్రం రహదారికి పడమటన ఉంది. వాసుదేవ పెరుమాళ్ కోవెలా, వెనక మహేంద్రగిరి వరసా, అంగట్లో కోవా ఉన్న ఊరిని వదిలెయ్యమని నేను చెప్పలేను. రహదారి దాటేచోట ఎంత ఖాళీగా కనిపించినా సైకిలు దిగి, రెండు పక్కలా చూసి, నడిపించుకునే దాటండి. ఈ యాత్ర మొత్తంలో ప్రాణానికి అసలైన ముప్పు అదే.

ఇచ్ఛాపురం దాకా వెళ్లి తీరాలని పట్టుపట్టకండి. బారువలో మహేంద్రతనయ నది సముద్రంలో కలిసేచోటు చూశాక బారువ స్టేషన్ కానీ సోంపేట స్టేషన్ కానీ అందుబాటులోనే ఉంటుంది. రైల్లో సైకిలు పార్సిల్ చెయ్యాలంటే పలాసలాంటి పెద్ద స్టేషన్‌కి వెళ్లాల్సి రావచ్చు. అంత కష్టం దేనికి, దాన్ని సోంపేటలో మెకానిక్కుకి అమ్మెయ్యండి. ముందు చక్రాల నిండా గాలి కొట్టి ఇవ్వండి, ఇంకో నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి.