టికెట్ ఉందా?

మాదాపూర్‌లో మా ఆఫీసులో, ఏసీ గాలి నడినెత్తిన కొట్టే మూల సీట్లో ఒకాయన ఉంటాడు. ఏమడిగినా ముందొచ్చే మాట ఒకటే: "టికెట్ ఉందా?" ఆర్టీసీ కండక్టరు బస్సెక్కాక అడుగుతాడు, ఈయన ఎక్కకముందే అడుగుతాడు.

ఈయన వీడీఐ, అంటే వర్చువల్ డెస్క్‌టాప్‌ల అడ్మిన్. టికెట్టంటే ఈయన లెక్కలో ఐటీకి పెట్టుకునే అర్జీ. మా బల్లల మీదున్నవి ఉత్త తెరలు. అసలు కంప్యూటర్లన్నీ ఎక్కడో డేటా సెంటర్లో, ఈయన చేతి కింది పూల్స్‌లో ఉంటాయి. డెడికేటెడ్ పూల్ రిజర్వేషన్ సీటు లాంటిది. మీరు సెలవు పెట్టినా అది మీ పేరునే ఖాళీగా తిరుగుతుంది. ఫ్లోటింగ్ పూల్ పల్లెవెలుగు. ఎక్కినవాడిదే సీటు, దిగాక ఎవరికెవరు? 2016లో, ఈ పూల్స్‌ను నడిపే వీఎమ్‌వేర్ సాఫ్ట్‌వేర్ హొరైజన్ 7తో ఇన్‌స్టంట్ క్లోన్లు వచ్చాక మరీ విడ్డూరం. మీరు లాగాఫ్ అవగానే ఆ సీటునే పీకి పారేసి, గోల్డెన్ ఇమేజ్ అనే అచ్చులోంచి సెకన్లలో కొత్తది పోసేస్తారు.

ఇది తెలియక మా పేరోల్ మేడమ్ నెలాఖరు ఎక్సెల్ షీటును డెస్క్‌టాప్ మీదే పెట్టి ఇంటికెళ్లింది. తెల్లారి చూస్తే కడిగిన పలక.

"సార్, నా ఫైలు!"

"హోమ్ డ్రైవ్‌లో పెట్టలేదా మేడమ్?"

"డెస్క్‌టాప్ మీద పెట్టా సార్, కళ్లెదురుగా ఉంటుందని."

"అంటే పల్లెవెలుగులో కర్చీఫేసి, దిగి ఇంటికెళ్లి, మర్నాడొచ్చి నా సీటేదంటున్నారు. టికెట్ పెట్టండి."

"పెడితే వస్తుందా?"

"రాదు. క్లోజ్ చేస్తా."

పాలసీల దగ్గర ఆయనది పాతకాలపు అత్తగారి పద్ధతి. క్లిప్‌బోర్డు ఒక వైపే: బయటి సారె లోపలికి రావచ్చు, లోపలి అక్షరం గడప దాటదు. నిజానికి హొరైజన్ పుట్టుకతోనే అలా వస్తుంది, కానీ ఈయన మాత్రం తానే చెక్కించిన శాసనంలా చెబుతాడు. పెన్‌డ్రైవు పేరెత్తితే చెప్పులతో పూజగదిలోకొచ్చినట్టు చూస్తాడు. యాక్సెస్ మనిషికివ్వడు, గ్రూపుకిస్తాడు. "మనుషులు వస్తుంటారు, పోతుంటారు. గ్రూపు శాశ్వతం" అంటాడు. ఉద్యోగం మానేసి ఆర్నెల్లయినవాళ్లు కూడా ఆ గ్రూపుల్లో శాశ్వతంగానే ఉన్నారని ఆడిట్‌లో బయటపడింది. ఆ వారం ఆయన ఎవర్నీ టికెట్ అడగలేదు.

2023లో వీఎమ్‌వేర్‌ను బ్రాడ్‌కామ్ కొంది. మరుసటేడు హొరైజన్ విభాగం చేతులు మారి ఓమ్నిసా అయింది. మేం కంగారుపడితే, "డిపో బోర్డు మారితే బస్సు మారుద్దా?" అని టీ తాగాడు. రెన్యువల్ కొటేషన్ వచ్చాక ఆ టీ చల్లారిపోయింది.

మొన్న సంక్రాంతికి ఎంజీబీఎస్‌లో కనిపించాడు. బస్సు ఇంకా ఆగనేలేదు, ఈయన పక్కనే పరిగెడుతూ కిటికీలోంచి కర్చీఫ్ విసిరాడు. జనాన్ని తోసుకుని ఎక్కేసరికి ఆ సీట్లో ఓ పెద్దావిడ, ఒళ్లో సంచి.

"అమ్మా, ఇక్కడ నా కర్చీఫ్..."

ఆవిడ దాన్ని మడతపెట్టి మరీ ఆయన చేతికిచ్చింది.

"టికెట్ ఉన్నదా, బిడ్డా?"