ఓ సంచెడు ఇత్తడి

టెక్సస్‌లో ఉన్న మా తోడల్లుడు ఈ మధ్య రోజూ ఫోన్ చేస్తున్నాడు. ప్రేమతో కాదు, ఇత్తడి కోసం.

“అన్నయ్యా, మీవాడక్కడ ఎన్‌ఎస్‌లో టపటపా కాలుస్తున్నాడుగా! ఆ ఖాళీ తూటాలు ఎలాగూ పారేసేవే. సంక్రాంతికి అత్తయ్యగారింటికి వచ్చేటప్పుడు ఓ సంచెడు పట్టుకురాకూడదూ?”

పూతరేకులు తెమ్మన్నంత తేలిగ్గా అంటాడు. ఎన్‌ఎస్ అంటే మా అబ్బాయి ఇక్కడి సైన్యంలో చేస్తున్న తప్పనిసరి సేవ. సింగపూర్‌లో 1973 నాటి ఆయుధ నేరాల చట్టం ఒకటుంది నాయనా, అనుమతి లేని తూటా దొరికితే 5 నుంచి 10 ఏళ్ల జైలు, ఆపైన ఆరుకు తగ్గకుండా బెత్తం దెబ్బలు అని చెప్పాను. “అది నిండు తూటాకి కదన్నయ్యా, నేనడిగింది ఖాళీది” అన్నాడు. ఖాళీదానికి ఎన్ని దెబ్బలో కనుక్కునే కుతూహలం నాకు లేదు. ఇక్కడ 50 దాటిన మగవాళ్లకి బెత్తం దెబ్బలు వేయరు. నేనింకా దాటలేదు.

అసలు వీడి ఇత్తడి పిచ్చి గురించి చెప్పాలి. వీడి గరాజ్‌లో కారుకి చోటుండదు, అది బయట ఎండలో మాడుతుంది. లోపల బల్లకి బిగించిన ప్రెస్సు, బంగారం కొట్లో కూడా కనిపించనంత సున్నితమైన తక్కెడ, గిరగిరా తిరిగే డ్రమ్ము. తన ఏఆర్-15తో కాల్చేసిన తూటాల్ని మళ్లీ నింపుకుంటాడు. తూటాలో ఖరీదు గుండుది కాదట, మందుది కాదట, ఆ రెంటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టానిదేనట. పేలినప్పుడు అది ఉబ్బుతుంది, కాస్త సాగుతుంది. దాన్ని డ్రమ్ములో దొర్లించి తోమాలి, అడుగున కాలిపోయిన ప్రైమర్‌ని పొడిచి తీయాలి, అచ్చులో నొక్కి పాత కొలతకి తేవాలి, పెరిగిన మూతి కత్తిరించాలి. మిలిటరీ గొట్టమైతే ప్రైమర్ చుట్టూ అంచు నొక్కేసి ఉంటుంది, దాన్ని విడిగా గీకాలి. అయినా సరే, మిలిటరీ ఇత్తడే ముద్దు వీడికి. మెడ దగ్గర చీలిక వచ్చేదాకా ఒకే గొట్టాన్ని మళ్లీ మళ్లీ నింపుతాడు. పెళ్లయిన కొత్తలో మా మరదలు సారెలో వచ్చిన ఇత్తడి బిందెని చింతపండుతో తోముకుంటుంటే, ‘ఈ రోజుల్లో ఎవరు వాడతారివి, ఇచ్చేసి స్టీలుది తీసుకో’ అన్న పెద్దమనిషి వీడే.

ఇంకో తిప్పలుంది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఆ గొట్టాన్ని సలసలా కాలుతుండగానే లాగి పక్కకి విసిరేస్తుంది. గడ్డిలో కొన్ని, పక్కవాడి కాలర్‌లో ఒకటి. అందుకని వీడు పట్టా పరుస్తాడు, రైఫిల్‌కి వలసంచీ తగిలిస్తాడు, అప్పటికీ చిక్కనివాటి కోసం మోకాళ్ల మీద దేవులాడతాడు. పక్కవాళ్లు వదిలేసి వెళ్లినవీ ఏరుకుంటాడు. వీడి జీతమెంతో మా అత్తగారు నాకు అడక్కపోయినా చెబుతూనే ఉంటారు. గొట్టానికి మిగిలేది సెంట్లలో. ఆ ప్రెస్సూ డ్రమ్మూ తక్కెడా ఖరీదు రాబట్టాలంటే ఎన్ని కాల్చాలోయ్ అని అడిగితే ఫోన్‌లో సిగ్నల్ పోతుంది.

మావాడి చేతికిచ్చింది సార్-21. సింగపూర్ సొంతంగా తయారుచేసి 1999లో బయటపెట్టిన రైఫిల్. మేగజీన్ పిడి వెనకాల ఉంటుంది, ఖాళీ గొట్టం చెంప పక్కనుంచి కుడివైపుకే ఎగురుతుంది. కాబట్టి ఎడమచేతి వాటం వాళ్లు కూడా బుద్ధిగా కుడి భుజానికే ఆనించాలి. మావాడిది ఎడమచేతి వాటం. కుడిచేత్తో అన్నం తినరా అని మా అమ్మ ఏళ్ల తరబడి పోరి ఓడిపోయింది. సార్జెంటు ఒక్క కేకతో గెలిచాడు.

కాల్చడం నిమిషాల పని, ఏరడం గంటల పని అంటాడు వాడు. ఎన్ని తూటాలిచ్చారో అన్ని ఖాళీలూ లెక్కకి రావాలి. ఒక్కటి తగ్గినా అందరూ వరసకట్టి గడ్డిని వేళ్లతో దువ్వాలి. చివర్న ఒక్కొక్కడూ ‘నా దగ్గర తూటాలు గానీ, ఖాళీ గొట్టాలు గానీ లేవు సర్’ అని చెప్పి కదలాలి. తూచితే అటూ ఇటూగా 6 గ్రాముల ఇత్తడి. అది దొరక్కపోతే బుక్ అవుట్ (క్యాంపు నుంచి ఇంటికి వదలడం) లేటు, బుక్ అవుట్ లేటైతే మా ఇంట్లో రొయ్యల వేపుడు గిన్నె మీద మూత లేవదు. ‘వాడు రానీండి’ అంటుంది మా ఆవిడ. కాల్చినవాడు వాడు, పోగొట్టినవాడు ఇంకెవడో, పస్తు నాకు. వాడొచ్చాక యూనిఫాం వాషింగ్ మెషీన్లో వేసేముందు ప్రతి జేబూ తిరగేసి చూస్తుంది. ఒకప్పుడు ఈ సోదా నా జేబులకి జరిగేది.

పీఆర్ (శాశ్వత నివాసం) కాగితాల మీద సంతకం పెట్టినప్పుడు వాడు కిండర్‌గార్టెన్‌లో ఉన్నాడు. ఎన్‌ఎస్ 1967 నుంచి ఉన్నదే, దాచిందేమీ లేదు: నాలాంటి మొదటి తరం వాళ్లకి సైన్యం మినహాయింపు, కొడుకులకి లేదు, 18 నిండాక రెండేళ్లు. 18 అంటే ఎప్పటి మాటో అనిపించింది. వాడి స్కూలు ఫీజు తగ్గింది, నా ఉద్యోగానికి ధీమా వచ్చింది, బాకీ మాత్రం వాడి పేరున రాశారు. ఇన్నేళ్లుగా నేనిక్కడ కూర్చుని డాలరుకి ఎన్ని రూపాయలో చూసుకుంటున్నాను. వాడేమో ఈ నేలని జానెడు జానెడు తడిమాడు. మా ఇద్దరిలో ఈ దేశం ఎవరిదని ఎవరైనా అడిగితే నేను మాట మార్చేస్తాను.

రెండేళ్లతో అయిపోదు కూడా. 40 వచ్చేదాకా వాడిని రిజర్వు శిక్షణకి పిలవొచ్చు, ఆఫీసరైతే 50 దాకా. ఈ సంగతి తెలియకముందే వాళ్లమ్మ సెరంగూన్ రోడ్డు శ్రీనివాస పెరుమాళ్ గుళ్లో వాడు ఆఫీసరు కావాలని మొక్కేసింది.