ట్రాయ్ వారి దివ్య సముఖానికి ఒక అర్జీ

మహారాజరాజశ్రీ భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ అధ్యక్షులవారి దివ్య సముఖమునకు, రెండు సిమ్ములూ, రెండు రీఛార్జులూ, అరకొర సిగ్నలూ గల ఒక చందాదారుడు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: టవర్ ఉండియు సిగ్నల్ లేకుండుట గురించి.

సూచిక: కస్టమర్ కేర్ వారితో ఇదివరకు జరిపిన సంభాషణలు, మధ్యలో కట్టయినవి.

అయ్యా,

ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. 1995లో ఈ దేశంలో సెల్‌ఫోన్ మోగడం మొదలైనప్పుడు నిమిషం మాట్లాడితే పదహారు రూపాయల పైమాట. మనకు ఎవరైనా ఫోన్ చేసినా బిల్లు మనకే. 1997లో తమ సంస్థ పుట్టింది. 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అనగానే మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. ఆ రోజుల్లో మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్లో పది దాకా కంపెనీలు. కిళ్ళీకొట్లో సిమ్ము ఊరికే ఇచ్చి, పైన పది రూపాయల టాక్‌టైం కూడా వేసి, మొహమాటపెట్టి మరీ చేతిలో పెట్టేవారు. పోటీ అంటే అదీ!

తరవాతి కథ తమరికి తెలిసిందే. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు కొట్టేసింది. 2016లో జియో వచ్చింది. చిన్నవాళ్ళు మూతపడ్డారు, పెద్దవాళ్ళు ఒకరిలో ఒకరు కలిసిపోయారు. చివరికి మిగిలింది ముగ్గురు ప్రైవేటువాళ్ళు, ఒక బీఎస్‌ఎన్‌ఎల్. ఆ ముగ్గురిలో ఒకరైన వొడాఫోన్ ఐడియాలో ఇప్పుడు దాదాపు 49 శాతం వాటా కేంద్ర ప్రభుత్వానిదే. లైసెన్సు ఇచ్చేదీ, బకాయిలు వసూలు చేసేదీ, ఆ బకాయిలు రాక వాటాలుగా మార్చుకున్నదీ ఒకే ఇల్లు కావడం మన అదృష్టం.

2024 జులై మొదటి వారంలో ముగ్గురూ రేట్లు పెంచారు. కూడబలుక్కున్నారని నేననను. ఒకే వారంలో ముగ్గురికీ ఒకే బుద్ధి పుట్టడం దైవసంకల్పం కావచ్చు. రేటు కంపెనీ ఇష్టం, పెట్టిన ఏడు పనిదినాల్లోగా తమకు తెలియజేస్తే చాలన్నది తమ విధానం. తమరికి కాగితం ద్వారా తెలుస్తుంది, మాకు రీఛార్జి కొట్టే కుర్రాడి ద్వారా తెలుస్తుంది. తేడా అంతే.

రేట్ల మాట పక్కనపెడదాం. నా అర్జీ టవర్ గురించి.

మా ఊరి చివర మామిడితోట పక్కన ఒక టవర్ ఉంది. దానిమీద రెండు కంపెనీల యాంటెనాలు. ఇనుము ఒకటే, కింద జనరేటరు ఒకటే, కరెంటు మీటరు ఒకటే. ఇది తమ పుణ్యమే. ఈ పంపకం బాగా సాగాలని 2007లో సిఫార్సు చేసింది తమరే. స్తంభమే కాదు, యాంటెనాలు, రేడియో పరికరాలు కూడా పంచుకోవచ్చని 2008లో ప్రభుత్వం ఒప్పుకుంది. అదే కాలంలో భారతీ, వొడాఫోన్, ఐడియా కలిసి ఇండస్ టవర్స్ పెట్టుకున్నాయి. హోర్డింగుల మీద ఒకరినొకరు దుమ్మెత్తి పోసుకునేవాళ్ళు నేలమీద ఉమ్మడి కాపురం పెట్టారు. తప్పేం లేదు. ఊరికి మూడు టవర్లు లేపి, మూడు జనరేటర్లలో డీజిల్ తగలేస్తే ఆ ఖర్చు మా నెత్తినే పడేది.

నా బాధల్లా, ఆ పంపకం నా ఫోన్ దాకా రాకుండా ఆగిపోవడం. నా పాత నంబరు మూడో కంపెనీది. ఆధార్, బ్యాంకు, గ్యాసు అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. ఆ కంపెనీకి మా ఊళ్ళో యాంటెనా గిట్టుబాటు కాదట. అందువల్ల ఓటీపీ కోసం మెయిన్ రోడ్డుదాకా వెళ్ళి నిలబడతాను. పందిరి ఒకటే, గాడిపొయ్యి ఒకటే, వంటవాళ్ళూ వాళ్ళే. అయినా నా చేతిలో శుభలేఖ వేరే ఇంటిది కనక, బంతికి డబ్బులిస్తానన్నా విస్తరి వెయ్యరు.

నంబరు మార్చుకోకుండా కంపెనీ మారే హక్కు 2011లోనే ఇచ్చాం కదా అంటారు. మారితే ఇంటిదగ్గర పలుకుతుంది, పొలందగ్గర పోతుంది. అక్కడ వచ్చేది ఆ పాతదే. అందుకే రెండో సిమ్ము.

విచిత్రమేమిటంటే, నా ఫోన్‌కు ఆ టవర్ వినబడుతూనే ఉంది. తెరమీద ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని వస్తుంది చూశారూ, దానర్థం పక్క కంపెనీ సిగ్నల్ అందుతోంది గానీ వాడుకునే అనుమతి లేదని. 112కు చేస్తే అదే సిగ్నల్ మీద వెళ్తుంది. అంటే సాంకేతికతలో లోపం లేదు. ఉన్నది ఒప్పందంలో.

ఒప్పందాలు కుదరవా అంటే, ఒకసారి కుదిరాయి. 3జి వేలంలో మన సర్కిల్లో వొడాఫోన్‌కు స్పెక్ట్రమ్ రాలేదు. ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్ తమలో తాము ఒప్పందం చేసుకుని, లేనిచోట ఒకరి 3జిని ఒకరు వాడుకున్నారు. 2011లో టెలికాం శాఖవారు అది అక్రమమన్నారు, తరవాత జరిమానాలు వేశారు. 2014లో టెలికాం వివాదాల ట్రిబ్యునల్ ఆ జరిమానాలను కొట్టేసింది. 2023 జూన్‌లో బిపర్‌జోయ్ తుఫాను వచ్చినప్పుడు మాత్రం గుజరాత్ తీరంలో ఏ సిమ్మువాళ్ళయినా ఏ నెట్‌వర్క్ అయినా పట్టుకోవచ్చన్నది ఆ శాఖే. 2025 జనవరిలో మరో అడుగు పడింది. డిజిటల్ భారత్ నిధి డబ్బుతో కట్టిన టవర్లను జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ చందాదారులందరూ వాడుకోవచ్చన్నారు. ఆ నిధి కంపెనీల రాబడిలోంచి తీసే సుంకం, అంటే మా రీఛార్జుల్లోదే. పాడేరు కొండల్లాంటి చోట్ల అది పెద్ద మేలు. కాకపోతే మాది కొండా కాదు, తుఫానూ రాలేదు. నేనెవరికి మొరపెట్టుకోవాలి?

కంపెనీలు ఒక మాటంటాయి: పక్కవాడి టవర్ ఊరికే వాడుకోనిస్తే కొత్తది ఎవడు కడతాడు? న్యాయమైన మాటే. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో అది వర్తిస్తుంది. కానీ నేను ఊరికే అడగడం లేదు. ఒక కంపెనీ కాల్ ఇంకో కంపెనీకి చేరితే ఎంత చెల్లించాలో తమరే నిర్ణయించారు. 14 పైసలను 2017 అక్టోబరులో 6 చేశారు, 2021 జనవరిలో సున్నా చేశారు. పైసలదాకా లెక్కగట్టగల తమరికి, నా పాత సిమ్ము మామిడితోట టవర్‌ను వాడుకుంటే ఎవరు ఎవరికి ఎంతివ్వాలో తేల్చడం కష్టమా? ఏళ్ళతరబడి తన యాంటెనా పెట్టని కంపెనీ, అక్కడున్నవాడికి అద్దె కట్టి తన చందాదారుణ్ణి కాపాడుకోవాలి. ఈ ఒక్క ముక్క రాయండి చాలు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
మెయిన్ రోడ్డుమీద ఓటీపీ కోసం వేచియున్నవాడు

తా.క.: రాష్ట్రం 2014లో రెండయింది. భవనాలు, ఉద్యోగులు, నీళ్ళు అన్నీ పంచుకోవడానికి కోర్టులకెక్కాం. తమ రికార్డుల్లో మాత్రం తెలంగాణ ఇంకా ‘ఆంధ్రప్రదేశ్ సర్కిల్’లోనే ఉంది. దయచేసి ఈ సంగతి ఎవరికీ గుర్తు చేయకండి.