ఓటీపీ రాని దానం చెల్లదు

జొన్నలిస్తే దానం కాదు. కందిపప్పు ఇస్తే దానం కాదు. బియ్యం బస్తా భుజాన మోసుకెళ్లి ఇచ్చినా కాదు. ఎవరన్నారీ మాట? ఆదాయపు పన్ను చట్టం. అందులోని 80జీ సెక్షన్ కింద రాయితీ కావాలంటే డబ్బే ఇవ్వాలి. నోట్లయితే రెండు వేలు దాటకూడదు. 2017 దాకా పది వేలుండేది, కత్తిరించారు. అంతకుమించి ధర్మబుద్ధి పుట్టిందా? చెక్కు రాయి, లేదా ఫోన్ తియ్యి.

ఈ చట్టాన్ని ఒకసారి కర్ణాటకలోని బీదర్ తీసుకెళ్లి చూపించండి. నానక్ ఝీరా గురుద్వారాలో లంగరు, అంటే ఉచిత భోజనశాల నడుస్తుంది. వచ్చినవాడి కులమడగరు, మతమడగరు, పాన్ నంబరు అసలే అడగరు. అదే జిల్లాలో బసవకల్యాణం. 12వ శతాబ్దంలో బసవన్న దాసోహం అన్నది అక్కడే. ఒళ్లొంచి సంపాదించు, పది మందికి పెట్టు, పెట్టానని డప్పు కొట్టుకోకు. ఆయన కథను పాల్కురికి సోమనాథుడు తెలుగులో రాసిపెట్టాడు కూడా. సరిహద్దుకు ఇటువైపున్న మనం మురిసిపోయాం. మర్చిపోయాం. ఏలికలు మాత్రం మర్చిపోలేదండోయ్! 2021 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి యడియూరప్ప బసవకల్యాణంలో బసవన్న చర్చావేదిక పేరిట కొత్త అనుభవ మంటపానికి శంకుస్థాపన చేశారు. చెప్పిన ఖర్చు 500 కోట్లు. 2024లో సిద్ధరామయ్య సర్కారు బసవన్నను కర్ణాటక సాంస్కృతిక నాయకుడని ప్రకటించింది. విగ్రహానికి దండ వేయడంలో పార్టీ భేదాల్లేవు. దాసోహం సంగతి అడక్కండి, సభ అయిపోయింది.

ఇప్పుడు దానధర్మాలకు నిపుణులు పుట్టుకొచ్చారు. స్వచ్ఛంద సంస్థలకు వాళ్లు చెప్పే పాఠం ఒక్కటే: మీ దాత నెట్‌లో ఉన్నాడు, వెళ్లి పట్టుకోండి. అతని వయసెంత, ఊరేది, చేతిలో ఏ ఫోనుంది, రాత్రి ఎన్నింటికి మనసు కరుగుతుంది... అన్నిటికీ లెక్కలున్నాయట. మరి నెట్‌లో లేనివాళ్లు? వాళ్లకు మనసుండదా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీయండి. జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు దేశంలో 33 శాతం. మగవాళ్లు 57. కర్ణాటకలో ఆడవాళ్లు 35, మగవాళ్లు 62. ఐటీ రాజధాని అని రొమ్ము విరుచుకునే రాష్ట్రం కదా, అంతే మరి. మీరు నవ్వకండి, ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లు 21 శాతమే. అప్పటికీ ఇప్పటికీ ఫోన్లు పెరిగాయంటారా? పెరిగాయి. ఇంటికొక్కటే ఉంటే అది ఎవరి జేబులో ఉంటుంది? చెప్పండి, సిగ్గుపడకండి. అడిగినవాడికి లేదనకుండా ఇన్నాళ్లూ చేటతో కందులు కొలిచి పోసిన బీదర్ జిల్లా ఔరాద్ అవ్వ ఈ లెక్కల్లో ఎక్కడుంది? దాతల జాబితాలో లేదు. ఆమెకే కష్టమొస్తే? అప్పుడూ కనపడదు. కనపడాలంటే వీడియో కావాలి.

అవును, వీడియో. ముక్కులో గొట్టాలతో పసిబిడ్డ. పక్కన ఏడ్చే తల్లి. వెనక వయొలిన్. యూట్యూబ్‌లో పాటకూ పాటకూ మధ్య ఐదు సెకన్లు చూస్తారు, తర్వాత దాటవేస్తారు. ఎవరైనా జాలిపడి ఆ చందాల వెబ్‌సైట్‌లో ఐదు వందలు వేయబోతే కింద ‘టిప్’ అని ఓ శాతం ముందే కూర్చుని ఉంటుంది. కన్నీళ్లకూ దళారీ ఉన్నాడన్నమాట!

ఆ దళారులను తిట్టి లాభం లేదు. సర్కారే అదే బజారులో దుకాణం తెరిచింది. 2021లో అరుదైన వ్యాధులకు జాతీయ విధానం తెచ్చారు. ఖరీదైన చికిత్స కావాల్సిన రోగుల కోసం ఆరోగ్య శాఖే చందాల పోర్టల్ పెట్టింది. వైద్యానికి ప్రభుత్వం ఉందనుకున్నాం. ప్రభుత్వం చేతిలోనే చిప్ప ఉంది. 2022లో ఒక్కో రోగికిచ్చే సాయాన్ని 50 లక్షల దాకా పెంచారు. వెన్నెముక కండరాల క్షీణతకు వాడే జన్యు మందు ధర దాదాపు 16 కోట్లు. మిగతా పదిహేనున్నర కోట్లు ఎవరిస్తారు? మీ ఫోన్లో ఐదు సెకన్లు.

లెక్కల దగ్గరికొస్తే సర్కారుకు చాలా నిష్ఠ. 2021-22 నుంచి 80జీ ఉన్న ప్రతి ట్రస్టూ ఫారం 10బీడీ వేయాలి. ఎవరిచ్చారు, ఎంతిచ్చారు, పాన్ ఏది, ఆధార్ ఏది? ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు. ఆ పైన పది వేల నుంచి లక్ష దాకా జరిమానా. పారదర్శకత మంచిదే, ఎవరు కాదన్నారు? అయితే 2020 మార్చిలో పుట్టిన పీఎం కేర్స్ నిధి సంగతేమిటి? మొదటి ఐదు రోజుల్లోనే 3,076 కోట్లు. అధ్యక్షుడు ప్రధాని. వెబ్‌సైట్ మీద మూడు సింహాలు. సమాచార హక్కు కింద అడిగితే? అబ్బే, ఇది ప్రభుత్వానిది కాదని ఢిల్లీ హైకోర్టుకు చెప్పారు. ప్రభుత్వ రంగ సంస్థలు మాత్రం కోట్లకు కోట్లు పోశాయి. అత్తసొమ్ము అల్లుడు ధారపోసినట్టు. బీదర్ జిల్లా భాల్కిలో పాతికమంది పిల్లల్ని సాకే ట్రస్టు మాత్రం ప్రతి ఐదు వందలకూ సంజాయిషీ ఇవ్వాలి.

పోనీ, అమెరికాలో ఉన్న మన ఊరి కుర్రాడే విదేశీ పౌరుడయ్యాక నాలుగు డాలర్లు పంపుతానన్నాడనుకోండి. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. ఆ సొమ్ము దిగాల్సింది ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలోనే. ఢిల్లీ దాకా పోనక్కర్లేదట, దగ్గరి శాఖలోనే కాగితాలివ్వచ్చట. ఎంత దయ!

ఇక కంపెనీలు. 2013 చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చు చేయాలి, చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యమివ్వాలి. చుట్టుపక్కల అంటే? అద్దాల మేడ బెంగళూరులో ఉంటే బీదర్ దాదాపు 700 కిలోమీటర్లు. అంత దూరం దయ ప్రయాణిస్తుందా? పైగా 2020 ఏప్రిల్‌లో కేంద్రం తేల్చి చెప్పింది: పీఎం కేర్స్‌కిస్తే సామాజిక బాధ్యత, ముఖ్యమంత్రి సహాయ నిధికిస్తే కాదు. బీదర్ సంస్థకు ఇవ్వచ్చా? నిక్షేపంగా. ముందు ఆ సంస్థకు ఆదాయపు పన్ను శాఖ 12ఏ నమోదు ఉండాలి, 80జీ ఉండాలి, మూడేళ్ల అనుభవం ఉండాలి, డిజిటల్ సంతకంతో సీఎస్‌ఆర్-1 ఫారం ఉండాలి, దాన్ని ధ్రువీకరించే ఆడిటరుండాలి. తలతాకట్టు పెట్టి అన్నీ సంపాదించి ఫైలు పట్టుకెళ్తే, చల్లని గదిలోని పెద్దమనిషి కాగితాలన్నీ తిరగేసి ఒక్కటే అడుగుతాడు: ‘‘ఇంగ్లిష్‌లో ఒక నిమిషం వీడియో ఏమైనా ఉందాండీ?’’