వియ్యంకుడి కోసం అరుదైన చేపలు

చేపలు పెంచాలనుకునేవాళ్లు ముందు చేపల గురించి చదవడం మొదలుపెడతారు. పని అక్కడే చెడుతుంది. మనకు కావలసింది చేప కాదు. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన వియ్యంకుడు సోఫాలో కూర్చుని, తొట్టి వైపు ఓరగా చూసి, "జత ఎంత పడింది బావగారూ?" అని అడగాలి. ఆ మాట వినబడేదాకా చేప బతికుంటే చాలు. ఈ సలహాలన్నీ ఆ లెక్కలో రాసినవే.

ఖరీదైనదే అరుదైనది అనుకోండి, ఎంపిక తేలికవుతుంది. అమెజాన్ నీళ్లలో పుట్టిన డిస్కస్ కొనండి. దానికి లవణాలు తక్కువగా, కొంచెం ఆమ్ల గుణంతో ఉండే నీళ్లు కావాలి, వేడి 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. మన నంద్యాలదేమో సున్నపురాయి నేల. బోరు నీళ్లు పట్టిన బకెట్‌కు చూస్తూ ఉండగానే తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్లే పోయండి. ఆఫ్రికాలో మలావి, టాంగన్యికా సరస్సుల చేపలు ఇలాంటి గట్టి నీళ్లలోనే పుట్టి పెరుగుతాయి, నంద్యాలకు అవైతే సరిగ్గా సరిపోతాయి అని ఎవరో ఒకరు చెబుతారు. ఊరి నీళ్లకు సరిపడే చేపను పెంచడంలో గొప్పేముంది?

బోరు నీళ్లు మరీ నామోషీ అనిపిస్తే మహానంది నుంచి నాలుగు క్యాన్లు తెప్పించుకోండి. కోనేరు అడుగున పడిన నాణెం కనబడుతుంటే ఇంకేం కావాలి? తేటగా ఉన్నంత మాత్రాన లవణాలు లేనట్టు కాదంటూ టీడీఎస్ మీటరు పట్టుకొచ్చేవాణ్ని గుమ్మంలోనే ఆపండి. లేదూ, అచ్చంగా ఆర్వో ప్లాంటు నీళ్లే నింపండి. లవణాలు బొత్తిగా లేని నీళ్లలో పీహెచ్ నిలవదు, బోరు నీళ్లు పాళ్లు చూసి కలుపుకోవాలి అంటారు తెలిసినవాళ్లు. పాళ్లూ కొలతలూ పులిహోరకు చాలు.

అలంకరణ దగ్గర ఆళ్లగడ్డ శిల్పుల మాట అస్సలు వినకండి. విగ్రహం చెక్కగా మిగిలిన గ్రానైట్ ముక్క ఇస్తామంటారు. గ్రానైట్ నీళ్లలో కరగదు, నీళ్ల గుణం మార్చదు, కాబట్టి ప్రయోజనం లేదు. నిగనిగలాడే బేతంచెర్ల పాలిష్ బండ ముక్కలు పేర్చండి. అది సున్నపురాయి. డిస్కస్ ఏ నీళ్ల నుంచి పారిపోవాలనుకుంటుందో ఆ నీళ్లను అదే తయారుచేసి పెడుతుంది. రాయి మీద నాలుగు చుక్కల యాసిడ్ వేసి నురగ వస్తే తొట్టిలో పెట్టకూడదని ఒక పరీక్ష ఉంది. పాలిష్ పాడవుతుంది, చేయకండి.

తొట్టిలో నీళ్లు పోసిన రోజే చేపలను వదిలెయ్యండి. చేపల విసర్జనలో అమ్మోనియా ఉంటుందట, దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరులో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందట. అన్ని వారాలు ఖాళీ తొట్టి చూపిస్తే వియ్యంకుడు ఏమనుకుంటాడు? పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం సుమారు 10 రెట్లవుతుంది, వేడి కూడా దానికి తోడవుతుంది. అంటే అమెజాన్‌లో ఒకరోజు పట్టే పని మన ఊళ్లో పూటలో అయిపోతుందన్నమాట. ఇంత జరిగినా బాక్టీరియా ఎలాగో పుట్టుకొస్తే, శుక్రవారం ఇల్లు కడిగేటప్పుడు ఫిల్టరు స్పాంజి కూడా బ్లీచింగ్ పౌడరుతో శుభ్రంగా ఉతికి ఆరేయండి.

డిస్కస్ చాలదనిపిస్తే ఆరోవానా కొనండి, తొట్టి రెండడుగులుంటే దండి. మూడంగుళాల సిల్వర్ ఆరోవానా పిల్ల అందులో ఎంత ముద్దుగా తిరుగుతుందో! అది మూడడుగుల దాకా పెరుగుతుందన్న సంగతి అమ్మినవాడు చెప్పడు, మీరు అడగకండి. మత్స్యావతారం కథలో చేపపిల్ల కమండలంలో పట్టనంతగా పెరిగితే రాజు దాన్ని మడుగుకు, అక్కడి నుంచి సముద్రానికి మార్చుకుంటూ పోయాడు నిజమే. కానీ ఆ చేప నోరు తెరిచి అడిగింది. మీది అడగదు. ఇక ఆసియా ఆరోవానా అయితే ఇంట్లో ఉన్నట్టు ప్రభుత్వానికి చెప్పి నమోదు చేయించాలి, 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం అలాగే అంటుంది. కాగితాలు అడిగితే ధర పెరుగుతుందని ఊరుకోండి.

మే నెలలో 44 డిగ్రీలు మనకు కొత్త కాదు. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఉండేది 35 దగ్గర 7కు దిగుతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆకలేమోనని పిడికెడు బొరుగులు చల్లండి. కోనేట్లో చేపలు తినడం లేదా ఏమిటి? మధ్యాహ్నం ఐసు గడ్డ వేయండి, రాత్రికి చల్లబడ్డాయనిపిస్తే హీటరు పెట్టండి. మూత తీసి నీళ్ల మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయట. ఉన్న ఒక్క ఫ్యాను వియ్యంకుడికి అవసరం.

బ్రీడింగ్ మాట. డిస్కస్‌లో ఆడా మగా తేల్చడం ఆరితేరినవాళ్లకే కష్టం. అందుకని పెంపకందార్లు ఆరేడు పిల్లలను కలిపి పెంచి, వాటంతటవే జతకట్టేదాకా ఆగుతారు. అది ప్రేమపెళ్లి వ్యవహారం. మనం పెద్దలు కుదిర్చిన సంబంధమే చేద్దాం. పెద్దది మగ, చిన్నది ఆడ, అంతే. రెండూ ఆడవైనా గుడ్లు పెడతాయి. రెండు మూడు రోజుల్లో గుడ్లన్నీ బూజుపట్టి తెల్లబడతాయి. దిష్టి తగిలిందనుకోవచ్చు.

ఖర్మకాలి పిల్లలొచ్చాయే అనుకోండి. అవి తల్లిదండ్రుల ఒంటికి అంటుకుపోయి, చర్మం మీద ఊరే జిగురును తింటూ మొదటి రోజులు గడుపుతాయి. తల్లి అలసిపోతే ఒక్కసారి ఒళ్లు విదిలించి పిల్లలన్నిటినీ తండ్రి వైపు తోసేస్తుంది, ఇక ఆయన మేపాలి. ఇలాంటి తండ్రిని హాల్లో పెట్టుకుంటే ఇంట్లో లేనిపోని ప్రశ్నలు పుడతాయి. పిల్లలను వెంటనే వేరుచేసి ఉడికిన గుడ్డు పచ్చసొన పెట్టండి. తినగా మిగిలింది అక్కడే కుళ్లుతుంది.

ఒక్క చేప జోలికి మాత్రం పోవద్దు. నోథోబ్రాంకియస్ అని, తూర్పు ఆఫ్రికాలో వానకు నిండి ఎండకు ఇంకే కుంటల్లో ఉంటుంది. రెండు మూడు అంగుళాల చేప, మగదాని ఒంటి మీద ఎరుపూ నీలమూ అద్దినట్టుంటాయి. కుంట ఎండేలోపు పుట్టి, పెరిగి, బురదలో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. గుడ్లు మాత్రం ఎండిన మట్టిలో నెలల తరబడి నిద్రపోయి, మళ్లీ వాన పడ్డాక పగులుతాయి. పెంచేవాళ్లు ఆ గుడ్లను ఆరీ ఆరని కొబ్బరి పొట్టులో కలిపి, ప్లాస్టిక్ కవరులో మూటగట్టి, పైన తారీకు రాసి బీరువాలో దాస్తారు. కొన్ని నెలలకు గుడ్డు లోపల పిల్ల కళ్లు నల్లటి చుక్కల్లా కనబడినప్పుడు నీళ్లు పోస్తే గంటల్లో పిల్లలు ఈదుతాయి. ఆ పొట్టు పోస్టులో కూడా పంపుకుంటారు. చిన్న తొట్టి, దోసెడు కొబ్బరి పొట్టు, వాన కోసం కాచుకునే ఓపిక. రాయలసీమవాడికి ఇంతకంటే సొంత చేప దొరకదు. అందుకే వద్దు. కొబ్బరి పొట్టు కవరు చూపించి వియ్యంకుడితో ఏం గొప్పలు పోతారు? ఎవరైనా తెచ్చి ఇస్తే మిద్దె మీద గులాబీ కుండీలో కుమ్మరించండి.

చివరికి తొట్టిలో, వీటన్నిటితో పాటు వేసిన సక్కర్ చేప ఒక్కటే మిగులుతుంది. దానికి చావు ఒక పట్టాన రాదు. జీవహింస ఎందుకని దాన్ని కుందూలోనో కేసీ కాలువలోనో వదిలెయ్యండి. తెలుగు రాష్ట్రాల చెరువుల్లో ఇప్పటికే దీన్ని దెయ్యం చేప అంటున్నారు. ముళ్లతో వలలు చింపుతుంది. వల ఎవరిదో, మనది కాదు కదా. ఖాళీ తొట్టి అమ్మేటప్పుడు, "మాకు బాగా కలిసొచ్చింది" అని ఒక మాట చెప్పండి. కొనేవాడు ఆళ్లగడ్డ వియ్యంకుడే అయితే బేతంచెర్ల బండ ముక్కలు ఊరికే ఇచ్చి పంపండి.