పుల్లావు షికారు

పాడి రైతులు ఆవుల్ని పొద్దస్తమానం గుంజకి కట్టేయకుండా ఆరుబయట స్వేచ్ఛగా మేయనివ్వాలని సర్కారు పెద్దలు ఈమధ్య హితవు చెప్పారు. ఆ వార్త పక్కింటి పెద్దమ్మకి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు. వెనక పాకలో ఉన్న పుల్లావు మాత్రం చెవులు రిక్కించింది. పలుపు తెంపుకుని బయల్దేరింది.

లోకజ్ఞానం ఉన్న ఆవు. ముందు రెవెన్యూ ఆఫీసుకెళ్లి అడంగల్ తిరగేసింది. 'మేత పోరంబోకు' అని సర్వే నంబరుతో సహా నిక్షేపంగా ఉంది. సంబరంగా పరుగెత్తింది. అక్కడ గడ్డికి బదులు సున్నం కొట్టిన ప్లాట్ల రాళ్లు మొలిచాయి. కమాను మీద వెంచర్ పేరు ఇంగ్లీషులో ఉంది. దానర్థం పచ్చికబయలేనని వాచ్‌మన్ చెప్పాడు. చెప్పి, కర్రతో అదిలించాడు.

చెరువు పోరంబోకులోకి పోయింది. ఫంక్షన్ హాలు ఎదురొచ్చింది. వెనకాల సాంబారు వాసనతో ప్లాస్టిక్ కవర్లు గుట్టగా ఉన్నాయి. (పశువుల డాక్టర్లు ఆవు పొట్ట కోసి కిలోలకొద్దీ బయటికి తీసేది ఈ స్వేచ్ఛా మేతనే.) అడవి వైపు తిరిగితే గార్డు రిజర్వు ఫారెస్టు బోర్డు చూపించాడు.

చివరికి అచ్చమైన గరిక కనపడింది. ఎక్కడ? హితవు పుట్టిన ఆఫీసు లాన్‌లోనే! రెండు పరకలు నోట పెట్టిందో లేదో పట్టుకున్నారు. 1871లో తెల్లదొరలు ఇలాంటి ఆవుల కోసమే చట్టం చేసిపెట్టారు, బందెలదొడ్డికి తోలమన్నారు. తోలుకెళ్తే బందెలదొడ్డి ఏది? షాపింగ్ కాంప్లెక్సు ఉంది. కింది షట్టర్‌లో దాణా బస్తాలు అమ్ముతున్నారు. మేయడానికి చోటు లేకపోతే పోనీ, మేసిన నేరానికి జైలైనా మిగల్చలేదు!

ఇక నవ్వు రావడం లేదు. ఆవుని పాకలో బంధించింది పెద్దమ్మ కాదు. ఆవిడకి సెంటు భూమి లేదు. తెల్లారకముందే పరాయి గట్ల మీద గడ్డి కోసి, మోపు నెత్తిన పెట్టుకొస్తుంది. గట్టు ఆసామి తిట్లు ఆ మోపుకి కొసరు. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు ఖాళీ చేయించి పంచాయతీలకు అప్పగించండని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. పోరంబోకు అన్న మాట ఆ తీర్పులోనే ఉంది. చెప్పింది సర్కారు పెద్దలైన మీకు, పుల్లావుకి కాదు. పలుకుబడి ఉన్నవాడు ఎకరాలకెకరాలు మింగుతుంటే గుడ్లప్పగించి చూసినవాళ్లు, ఇవాళ గడ్డిమోపు మోసే మనిషికి పశుపోషణ నేర్పుతారా? సిగ్గుండాలి.

హితవులు చాలు. మా ఊరికి ఒక సర్వేయర్ని పంపండి. గొలుసు రెండో కొస పెద్దమ్మ పట్టుకుంటుంది.