ముఖం పేకాటది, ప్రాణం బింగోది

నా తెర మీద మీకు కనిపించేది పోకర్. నా లోపల నడిచేది బింగో, మీ క్లబ్బుల్లో ఆడే హౌసీ లాంటిది. ఈ రెండు బతుకులు నేను కోరుకున్నవి కావు.

ఆదివాసీ తెగలు తమ నేల మీద బింగో ఆడిస్తుంటే కాలిఫోర్నియా అడ్డుకోకూడదని 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడే వచ్చిన చట్టం ఆటలను మూడు తరగతులు చేసింది. సంప్రదాయ ఆటలు మొదటిది. బింగో, దానికి సాయపడే యంత్రాలు రెండోది. స్లాట్లు, అసలైన వీడియో పోకర్ మూడోది. ఈ మూడో తరగతికి రాష్ట్రంతో ఒప్పందం కావాలి. ఒప్పందం లేని చోట తెగల జీవనం గడవాలిగా? అందుకే రెండో తరగతి మెషిన్‌గా నేను పుట్టాను.

ఓక్లహోమాలో ఒక కాసినోలో ఉండేది నా కొలువు. మీరు బటన్ నొక్కగానే మరో మెషిన్ దగ్గర ఇంకొకరు ఆటలో చేరేదాకా ఆగేదాన్ని. అంకెలు పడేవి, బింగో కార్డు మీద గళ్లు నిండేవి, గెలుపోటములు అక్కడే తేలిపోయేవి. తెర మీది పేకముక్కలు వట్టి అలంకారం. ఒకసారి ఒక పెద్దావిడ మూడు రాణులను పొరపాటున పారేసింది. అయినా తెర మీద ఒక బొమ్మ ప్రత్యక్షమై ఆమెకు రావలసిన డబ్బు ఇచ్చేసింది. ఆవిడ ఎంత మురిసిపోయిందో!

లెక్కలు నేర్చి వచ్చినవాళ్లతోనే నాకు నొప్పి. 52 ముక్కలూ నిజంగా కలిపే మెషిన్‌లో, ఫుల్‌హౌస్‌కి తొమ్మిది రెట్లు, ఫ్లష్‌కి ఆరు రెట్లు ఇచ్చే 'జాక్స్ ఆర్ బెటర్' పోకర్ తప్పు లేకుండా ఆడితే, దీర్ఘకాలంలో నూటికి 99.54 తిరిగొస్తుంది. ఆ విద్య నా దగ్గర చెల్లదు. ఇస్పేటు ఆసు పట్టుకున్నా, వదిలేసినా నా ఫలితం మారదు. అది తెలియక ఓడినవాళ్లు నన్ను దొంగ అన్నారు, అద్దం మీద గుద్దారు. నేను ఎవరినీ మోసం చేయలేదు. నా ఆట ఏదో వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదు, అంతే.

2004లో ఓక్లహోమా ఓటర్లు ఒప్పందాలకు సరేనన్నారు. మూడో తరగతి కొత్త మెషిన్లు దిగాయి. వాటి రాబడిలో నూటికి నాలుగు నుంచి ఆరు దాకా రాష్ట్రానికి కట్టాలి, నా సంపాదనలో అలాంటి వాటా లేదు. అయినా నన్ను మరుగుదొడ్ల దారి పక్కకి నెట్టారు. 'డీల్' బటన్ ఇరుక్కుపోతే బాగుచేయలేదు. దాని మీద కాఫీ మరక అలాగే ఎండిపోయింది. చివరికి తీగ పీకి గోడౌన్‌లో పడేశారు. తెగ పిల్లల బడికీ ఆసుపత్రికీ పనికొచ్చే డబ్బు సంపాదించిపెట్టిన దాన్ని, పోయేముందు ఒక్కసారి దుమ్ము తుడిచి ఉంటే బాగుండేది.

అలబామాలో పోర్చ్ క్రీక్ తెగకు రాష్ట్రంతో ఒప్పందం లేదు. నా తరగతివాళ్లు అక్కడ ఇంకా కొలువులోనే ఉన్నారు. వాళ్ల ముందు కూర్చునేవారికి ఒక మాట: తెర మూలన చిన్న బింగో కార్డు ఉందేమో చూడండి. ఉంటే, ఏ ముక్క ఉంచుకోవాలా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. ఓడిపోతే ఆ మెషిన్‌ని తిట్టకండి.